ఫిజీ విహారస్థలాలు – వాటి వెనుకనున్న చరిత్ర

ఒకనాడు మా తొర్రూరు కళాశాలలో పాఠము ముగించి బయటకు రాగానే ఒక విద్యార్థి రంగుల కరపత్రమొకటి తెచ్చి చూపినాడు. నీలి సముద్రము, తెల్లని ఇసుక, కొబ్బరిచెట్లు, నీటి అడుగున రంగురంగుల చేపలు – ఇవన్నీ అందులో ఉన్నవి. అది పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ దీవులకు విహారయాత్రలు ఏర్పాటు చేయు వ్యాపారులు అచ్చువేసినది. ఒక మూలన చిన్న బొమ్మలో మన దక్షిణాది గోపురము కనిపించినది. "ఇంత దూరపు దీవిలో మన గోపురమెట్లా వచ్చినది, సార్?" అని ఆ పిల్లవాడు అడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

ముందుగా ఒక చిన్న విశేషము. తొర్రూరు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశము మీద ఉన్నది. ఫిజీలోని లౌతోకా పట్టణము దక్షిణముగా దాదాపు అంతే దూరములో ఉన్నది. భూగోళమును భూమధ్యరేఖ వద్ద అద్దముతో విభజిస్తే మన ఊరి ప్రతిబింబము లౌతోకా మీదుగా పోయే అక్షాంశము మీద పడునన్నమాట. అందుచేత మనకు రోహిణికార్తె ఎండలు మండుతున్నప్పుడు అక్కడ చల్లని కాలము మొదలగును. మనకంటె వారి గడియారము ఆరున్నర గంటలు ముందు నడుచును.

దీవుల స్వరూపము

ఫిజీలో 330కి పైగా దీవులున్నవి. మనుషులు స్థిరముగా నివసించునవి నూటికి కొంచెము ఎక్కువ. వీటీ లేవు, వనువా లేవు అనునవి వీటిలో పెద్దవి. పెద్ద దీవులు అగ్నిపర్వతముల వలన పుట్టినవి. వీటీ లేవు నడుమ ఎత్తైన కొండలున్నవి. ఆగ్నేయ దిక్కునుండి వీచు వ్యాపార పవనములు తేమను మోసుకొని వచ్చి ఆ కొండలను తాకి పైకి లేచి చల్లబడి తూర్పు వైపున వాన కురిపించును. అందువలన రాజధాని సూవాలో ఏటా 3,000 మిల్లీమీటర్ల వరకు వాన పడును. కొండలు దాటిన గాలిలో తేమ తక్కువ. కనుక పడమటి వైపున వాన బాగా తగ్గును, ఎండ ఎక్కువగా కాయును.

ఈ చిన్న వాతావరణ విశేషమే ఫిజీ చరిత్రను నడిపినదని చెప్పవచ్చును. చెరకులో తీపి నిండుటకు కోతకు ముందు పొడి వాతావరణము కావలెను. కనుక చెరకు తోటలు ఎక్కువగా పడమట, ఉత్తరమున వెలసినవి. వందేండ్ల తరువాత విహారమునకు వచ్చువారికి కావలసినదీ ఆ ఎండే. కనుక వసతి గృహములు కూడా ఎక్కువగా ఆ వైపుననే కట్టినారు. ఏ ఎండలో మనవారు చెరకు నరికినారో ఆ ఎండకే నేడు యాత్రికులు వేలకు వేలు చెల్లించి వచ్చుచున్నారు.

యాత్రికులు వచ్చిన దారి

1914లో ఒక ఓడల కంపెనీ తన ప్రయాణీకులు దిగి విశ్రమించుటకై సూవా రేవున గ్రాండ్ పసిఫిక్ హోటలును తెరచినది. 1928 జూన్‌లో చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ హవాయి నుండి సుమారు 34 గంటలు ఆగకుండా ఎగిరి సూవాలోని ఆల్బర్ట్ పార్కు ఆటస్థలములో విమానమును దింపినాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో సైనిక అవసరములకై పడమట నాంది వద్ద విమానాశ్రయమును పెంచినారు. యుద్ధము ముగిసినాక అదే యాత్రికులకు ద్వారమైనది. (ఈ ఊరిపేరును రోమను లిపిలో 'నాది' అని వ్రాసినా 'నాంది' అనియే పలుకుదురు. ఫిజీ భాషలో ద, బ వంటి అక్షరముల ముందు వ్రాయని సున్నా ఒకటి ఉన్నదనుకొంటే మనకు సులభము.) ఇరవయ్యవ శతాబ్దము చివరి దశకములలో యాత్రికుల వలన వచ్చు ఆదాయము చక్కెర ఆదాయమును మించిపోయినది. 2019లో దాదాపు 9 లక్షలమంది యాత్రికులు వచ్చినారు. ఆ దేశ జనాభాయే దాదాపు అంత!

ఇక ఆ యాత్రికులు చూచు స్థలములను ఒక్కొక్కటిగా చూద్దాము.

పగడపు దిబ్బలు

అడుగున అద్దము బిగించిన పడవలలో కూర్చుండియో, ముఖమునకు అద్దము, నోటికి గొట్టము తగిలించుకొని ఈదుచునో పగడపు దిబ్బలను చూచుట అక్కడి మొదటి వినోదము. పగడము రాయి కాదు, చెట్టూ కాదు. గింజంతటి మెత్తని జీవులు కోట్లకొలది ఒకచోట చేరి సముద్రజలములోని సున్నమును గ్రహించి కట్టుకొన్న ఇళ్ళ సముదాయమది. వాటి శరీరములలో కంటికి కనబడని శైవలములు కాపురముండును. ఇవి ఎండను ఉపయోగించి ఆహారమును తయారుచేసి జీవికి పంచును. జీవి వాటికి ఆశ్రయమిచ్చును. అందువలననే పగడములకు వెచ్చని, తేటయైన, లోతు తక్కువైన నీరు కావలెను.

అట్లయితే లోతైన సముద్రము నడుమ ఇంత మందమైన దిబ్బలు ఎట్లా పెరిగినవి? దీవి మెల్లమెల్లగా సముద్రములోనికి క్రుంగుచుండగా పగడములు పైపైకి కట్టుకొనుచు వచ్చినవని చార్లెస్ డార్విన్ 1842లో ప్రచురించిన గ్రంథములో వివరించినాడు. డార్విన్ ఫిజీని చూడలేదు. కాని అమెరికా నౌకాయాత్రలో ఉన్న భూగర్భ శాస్త్రజ్ఞుడు జేమ్స్ డానా 1839లో సిడ్నీలో ఒక పత్రికలో ఆ సిద్ధాంతమును గురించి చదివి, మరుసటి సంవత్సరము ఫిజీ తీరములను పరిశీలించి, అది సరియైనదేనని నమ్మినాడు. 1897లో అలెగ్జాండర్ అగాసీ అదే ఫిజీకి వచ్చి, సముద్రమునుండి పైకి లేచిన సున్నపురాతిని చూచి, డార్విన్ చెప్పినది ఇక్కడ పొసగదని వాదించినాడు. ఒకే దీవిని చూచి ఇద్దరు పండితులు రెండు విధములుగా తలచినారు! చివరకు 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో రంధ్రము వేయగా 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి, దాని క్రింద అగ్నిపర్వత శిల బయటపడినవి. డార్విన్ మాట నిలిచినది.

ఈ దిబ్బలు యాత్రికునకు అందము, నావికునకు గండము. నదులు సముద్రములో కలియుచోట మంచినీరు, బురద చేరుటచేత పగడములు పెరుగవు. దిబ్బలో అక్కడ సందులు ఏర్పడును. ఓడలు ఆ సందులగుండా లోనికి పోవలెను. 1884 మే 11వ తేదీ రాత్రి 'సిరియా' అను ఓడ కలకత్తా నుండి కూలీలను తెచ్చుచు సూవా సమీపమున నసిలాయి దిబ్బకు గుద్దుకొన్నది. 56 మంది ప్రయాణీకులు మునిగిపోయినారు. అద్దపు పడవలో కూర్చున్న యాత్రికునకు దిబ్బ క్రిందనున్న చేపలు కనబడునుగాని ఈ సంగతి ఎవరును చెప్పరు.

ఇప్పుడు దిబ్బలకే గండము వచ్చినది. సముద్రపు వేడిమి సాధారణముకంటె ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారములు నిలిచినచో శైవలములు జీవిని విడిచిపోవును. అప్పుడు పగడము తెల్లగా పాలిపోవును. వేడి తగ్గకపోతే చచ్చును. 2000 సంవత్సరములో ఫిజీలో ఇట్లు జరిగినది.

నుకులావు దీవి

సూవాకు ఎదురుగా సముద్రములో నుకులావు అను చిన్న దీవి ఉన్నది. చుట్టి రావడానికి ఎక్కువసేపు పట్టదు. సెలవు దినములలో పట్టణవాసులు భోజనము మూటలు కట్టుకొని పడవలో పోయి అక్కడ గడిపి వచ్చుట అలవాటు. ఒకప్పుడు ఇది అమెరికా వాణిజ్య ప్రతినిధి జాన్ బ్రౌన్ విలియమ్స్ ఇల్లున్న దీవి. 1849 జూలై 4వ తేదీన ఉత్సవము చేయుచుండగా ఆ ఇల్లు కాలిపోయినది. ఆ నష్టమునకు అమెరికావారు కోరిన పరిహారము ఫిజీ నాయకుడైన థాకొంబావు మెడకు ఉచ్చయినది. ఆ అప్పుల ఒత్తిడి కూడా తోడై 1874 అక్టోబరు 10వ తేదీన ఫిజీ బ్రిటిష్ వలస అయినది.

ఆ మరుసటి ఏడు తట్టమ్మ వ్యాధి సోకి దీవులలోని మూలవాసులలో దాదాపు 40,000 మంది మరణించినారు. గవర్నరు ఆర్థర్ గోర్డన్ మూలవాసులను తోటపనిలో పెట్టరాదని నిశ్చయించి ఇండియానుండి కూలీలను రప్పించినాడు. 1879 మే 14వ తేదీన 'లియోనిడాస్' అను మొదటి ఓడ వచ్చినది. 1916 వరకు 60,000కు పైగా మనదేశస్థులు ఇట్లు వచ్చినారు. వీరిలో చాలామంది తొలుత దిగినది నుకులావు దీవిలోనే. అంటువ్యాధులు లేవని రూఢి అగువరకు వారిని అక్కడ వేరుగా ఉంచి, తరువాత తోటలకు పంచిపెట్టెడివారు.

1903 వరకు ఓడలన్నీ కలకత్తానుండి పోయినవి. ఆ సంవత్సరము 'ఎల్బ్' అను ఓడతో మద్రాసు రేవు కూడా తెరచుకొన్నది. అటుపై పదమూడేండ్లలో సుమారు 15,000 మంది మద్రాసునుండి పోయినారు. వీరిలో తమిళులతోబాటు విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారున్నారు. మా ప్రాంతము అప్పుడు నైజాము రాజ్యములో ఉండుటచేత ఆ ఓడలెక్కినవారిలో ఎక్కువమంది కోస్తావారే. పనికి అయిదేండ్ల ఒప్పందము. ఇంగ్లీషు 'అగ్రిమెంటు' వారి నోట 'గిరిమిట్' అయినది. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు కూలి. అదియు అప్పగించిన పని పూర్తియైననే. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు మగవారుగాని ఒక కుటుంబముగాని తలదాచుకొనవలెను. 1920 జనవరి 1వ తేదీన ఈ ఒప్పందములన్నీ రద్దయినవి.

నేడు ఆ దీవిలో చాప పరచుకొని భోజనము చేయువారిలో ఈ కూలీల మునిమనుమలు కూడా ఉందురు.

చెరకు రైలు

పడమటి తీరములో చెరకు తోటల మధ్య రెండడుగుల వెడల్పు పట్టాల మీద నడచు చిన్న రైళ్ళు యాత్రికులకు మరియొక వింత. సిడ్నీకి చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ ఈ పట్టాలను వేసినది. నరికిన చెరకు నిలువ ఉంటే అందులోని చక్కెర పదార్థము విరిగి తగ్గిపోవును. కనుక త్వరగా మిల్లుకు చేర్చవలెను. అందుకొరకే ఈ రైలు. లౌతోకాలోని పెద్ద మిల్లు గానుగ ఆడుట మొదలైనది 1903లో – మద్రాసునుండి మొదటి ఓడ పోయిన సంవత్సరమే. ఇది కాకతాళీయము కాదు. మిల్లులు పెరిగినకొలది చేతులు కావలసివచ్చినవి.

గిరిమిట్ ముగిసిన తరువాత కంపెనీ తన తోటలను రమారమి పదేసి ఎకరముల కమతములుగా చేసి మనవారికి కౌలుకిచ్చినది. ప్రభుత్వముతో ఒప్పందము ప్రకారము ప్రజలకై ఉచితముగా ప్రయాణీకుల రైలును కూడా నడిపినది. 1973లో ఆ కంపెనీ దేశము విడిచిపోయినది. పట్టాలలో కొంత భాగము మీద తరువాతి కాలములో యాత్రికుల బండ్లు నడిచినవి. కిటికీలోనుండి పచ్చని చెరకును చూచు యాత్రికుడు ఆ ఆకుల అంచులు చేతులను ఎట్లు కోయునో ఎరుగడు. మన రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు.

ఇసుక కొండలు

ఆ తీరముననే సింగతోక నది సముద్రములో కలియుచోట పెద్ద ఇసుక కొండలున్నవి. కొన్ని అరవై మీటర్ల ఎత్తు వరకు ఉన్నవి. నది కొండలనుండి మట్టిని, ఇసుకను తెచ్చి సముద్రములో వేయును. అలలు దానిని ఒడ్డుకు నెట్టును. గాలి ఎగురవేసి గుట్టలుగా పోయును. 1989లో ఈ స్థలమును దేశపు మొదటి జాతీయ వనముగా ప్రకటించినారు. గాలికి ఇసుక తొలగినప్పుడెల్లా పాత కుండపెంకులు, అస్థికలు బయటపడుచుండును. 1960ల మధ్యలో ఇచ్చట త్రవ్వకములు జరిగినవి. అడుగుపొరలోని పెంకులు సుమారు 2,500 ఏండ్ల నాటివి. ఫిజీకి మొదట మనుషులు పడవలలో వచ్చి ఇంచుమించు 3,000 ఏండ్లయినది. వారు తెచ్చిన చుక్కల నగిషీ కుండలను బట్టి ఆ సంస్కృతికి లపీతా అని పేరు. అనగా ఆ దీవికి వచ్చినవారందరూ, ముందైనా వెనుకైనా, సముద్రము దాటి వచ్చినవారే.

యంగోనా విందు

యాత్రికులను మూలవాసుల పల్లెకు తీసుకొనిపోవుట మరియొక ఏర్పాటు. పల్లెలోనికి టోపీ పెట్టుకొని పోరాదు. ముందుగా పెద్దకు యంగోనా వేళ్ళ కట్టను సమర్పించవలెను. ఆ వేరును దంచి నీటిలో పిసికి కొయ్యపాత్రలో కలిపి, కొబ్బరి చిప్పతో అందరికీ వరుసగా ఇత్తురు. త్రాగుటకు ముందు వెనుక చప్పట్లు చరచుట మర్యాద. త్రాగినచో నాలుక కొంచెము తిమ్మిరెక్కును, మనసు నెమ్మదించును. ఇది మద్యము కాదు. ఈ మొక్క వృక్షశాస్త్ర నామము పైపర్ మెథిస్టికమ్. మన తమలపాకు, మిరియము, పిప్పలి కూడా పైపర్ ప్రజాతివే. అతిథి రాగానే మనము తాంబూలమిచ్చినట్లే వారు తమలపాకు చుట్టపు వేరునిచ్చి ఆదరింతురు!

నిప్పు మీద నడక

ఫిజీలో రెండు విధముల నిప్పునడక కలదు. బెంగ దీవిలోని సవావు తెగవారు గుంటలో రాళ్ళను గంటలకొలది కాల్చి వాటిపై నడుతురు. హోటళ్ళలో యాత్రికులకు ప్రదర్శించునది ఇదే. రెండవది దక్షిణ భారతీయులు తెచ్చుకొన్నది. సూవాలోని మారియమ్మ గుడి వద్ద దీక్ష పట్టినవారు పసుపు బట్టలు కట్టి మండు బొగ్గులపై నడుతురు. కొమురవెల్లి మల్లన్న జాతరలో అగ్నిగుండములు దాటుటను, పీర్ల పండుగనాటి నిప్పుల గుండమును చూచిన మాకిది క్రొత్త కాదు.

కాళ్ళు ఎందుకు కాలవు? రెండు వస్తువులు తాకినప్పుడు మధ్యనుండు ఉష్ణోగ్రత వాటి వేడిమి మీదనేగాక ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణముల మీద కూడా ఆధారపడును. బొగ్గు తేలికైనది, వేడిని మెల్లగా ప్రసరింపజేయును. పాదములో అధికభాగము నీరు. అది చాలా వేడిని గ్రహించినగాని త్వరగా వేడెక్కదు. అడుగు నిప్పును తాకియుండునది అర సెకను మాత్రమే. కుంపటిలోనుండి జారిన నిప్పుకణికను మన అమ్మమ్మలు వ్రేళ్ళతో చప్పున ఎత్తివేసెడివారు; అంత వేడి లేని పెనమును తాకినా వ్రేలు బొబ్బలెక్కును. బెంగలో వాడు అగ్నిపర్వత శిలలు కూడా మంచి ఉష్ణవాహకములు కావు. ఇంత తెలిసినా ఇది ప్రమాదరహితము కాదు. ఆగినవాడు, తూలినవాడు కాలును. పాఠకులు ప్రయోగము చేయరాదు.

ముంగిస, గోరువంక

దీవిలో నడచు తెలుగు యాత్రికునకు దారిలో ముంగిస అడ్డము వచ్చును. చెట్టు మీద గోరువంక అరచును. ఇవీ మనవే! చెరకును కొరుకు ఎలుకలను చంపుటకై 1883లో కలకత్తానుండి ముంగిసలను తెచ్చినారు. అవి ఎలుకలతో తృప్తిపడక నేలమీద గూడు కట్టు పక్షుల గుడ్లను, ఉడుములను పోలిన ఇగ్వానాలను తిని కొన్ని దీవులలో వాటిని రూపుమాపినవి. ఆకుపచ్చ చారల ఈ ఇగ్వానాలను చూపుటకు ప్రత్యేక ఉద్యానములున్నవి. వీటి బంధువులన్నీ అమెరికా ఖండములలో ఉన్నవి. వీటి పూర్వీకులు మూడు కోట్ల ఏండ్లకు ముందు కొట్టుకొనివచ్చిన చెట్ల తెప్పలమీద 8,000 కిలోమీటర్లు తేలివచ్చియుండవచ్చునని 2025లో ప్రచురింపబడిన జన్యుపరిశోధన తెలుపుచున్నది.

కరపత్రములో లేని యాత్ర

ఆ విద్యార్థి చూపిన గోపురము నాందిలోని శివసుబ్రహ్మణ్యస్వామి ఆలయము. ఇప్పటి కట్టడము 1994లో పూర్తియైనది. దక్షిణ భారతీయులు 1926లో నాందిలో సాధు కుప్పుస్వామి ప్రోత్సాహముతో తమ సంగమును స్థాపించుకొని బడులు తెరచినారు. 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును ఏర్పరచుకొన్నారు. అయినను భాష నిలుచుట కష్టమైనది. అన్ని ప్రాంతములవారు కలిసి బ్రతికిన తోటలలో ఫిజీ హిందీ పుట్టినది; తెలుగు ఇళ్ళలో కూడా చాలావరకు అదే ఇంటిభాష అయినది. పండుగలు, ఇంటిపేర్లు, మారియమ్మ కొలుపులు మిగిలినవి.

సూవాలోని ప్రభుత్వ పురాలేఖనాగారములో ఆ ఓడల ప్రయాణీకుల పత్రములు నేటికిని భద్రముగా ఉన్నవి. ఒక్కొక్క మనిషికి ఒక కాగితము. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముమీది గుర్తు – ఇవన్నీ అందులో వ్రాసినారు. పారిపోయిన కూలీని పట్టుకొనుటకై వ్రాసిన ఆ గుర్తులే నేడు మునిమనుమలకు తాతగారి ఊరిని చూపుచున్నవి. ఆ కాగితపు నకలు చేతపట్టుకొని ఫిజీనుండి మనదేశమునకు వచ్చి పల్లెలు వెదకువారున్నారు. దొరతనపు గుమాస్తా మన ఊరిపేరును ఇంగ్లీషులో తప్పుగా వ్రాసియుండుటచేత కొందరికి ఊరు దొరకదు.

విహారయాత్ర అటు పోవుట మాత్రమే కాదు, ఇటు వచ్చుట కూడా అని దీనివలన తెలియుచున్నది. మనవారెవరైనా ఫిజీకి పోయినచో పగడములను చూడవలసినదే. కాలితో మాత్రము తొక్కరాదు. నుకులావులో ఒక పూట కూర్చుండవలసినదే. అక్కడ మొదటి రాత్రి గడపినవారెవరో తలచుకొనవలెను. ఇక అక్కడినుండి ఎవరైనా ఒక పాత కాగితము పట్టుకొని మన వాకిటికి వచ్చి, అందులోని ఊరిపేరు ఎట్లా పలుకవలెనని అడిగినచో, ఒక గంట కూర్చుండబెట్టి, ఆ పేరును కూడబలుకుకొని, పటములో వెదకి చూపుట మన పని. మా విద్యార్థికి కూడా ఇదే చెప్పినాను.